మా తాతలు ఎక్కడున్నారు?

అందరికీ నమస్కారం. చర్చి నుంచి వచ్చినవాళ్ళకి వందనాలు. ఈ రెండూ అక్కర్లేదనుకునే మిత్రులు కొందరు వెనక వరసలో కూర్చున్నారు, వాళ్ళనీ చూశాను.

ఒంగోల్లో నరకం మీద మాట్లాడమన్నప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను. సభ మే నెలలో పెట్టుంటే నా పని సులువయ్యేది. (నవ్వులు) సరే, విషయానికొస్తాను.

1552 జనవరి 29న కొచ్చిన్‌లో కూర్చుని ఒకాయన యూరప్‌లో ఉన్న తన సంఘం వాళ్ళకి పెద్ద ఉత్తరం రాశాడు. ఆయన పేరు ఫ్రాన్సిస్ జేవియర్. గోవా వెళ్ళినవాళ్ళు బాం జీసస్ చర్చిలో వెండి పెట్టెలో ఆయన శరీరం ఉంచిన చోటు చూసే ఉంటారు. మన ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్ళ ఇళ్ళల్లో శౌరయ్య, శౌరమ్మ, శౌరిబాబు అని పేర్లుంటాయి కదా, ఆ శౌరి ఈయనే. 1549 ఆగస్టు 15న జపాన్‌లోని కగోషిమాలో దిగి, రెండేళ్ళకు పైగా అక్కడ తిరిగి, అప్పుడే వెనక్కి వచ్చాడు. యమగుచి అనే ఊళ్ళో చాలామంది ఆయన చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంగతులన్నీ సంతోషంగా రాసుకుంటూ పోతూ, ఒకచోట మాత్రం ఆయన గొంతు మారుతుంది.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఆ జపాన్ వాళ్ళు ఆయన్ని ఒకటి అడిగారట. మా అమ్మానాన్నలు, తాతముత్తాతలు ఈ సువార్త వినకుండానే పోయారు, వాళ్ళు నరకంలో ఉన్నారని మీరంటున్నారు, మేం దానధర్మాలు చేస్తే, ప్రార్థనలు చేస్తే వాళ్ళు బయటికి రారా? రారు, అక్కడ పడ్డవాళ్ళకి ఇక విడుదల లేదు అన్నాడాయన. మరి మీ దేవుడు వాళ్ళని ఎందుకు తీయలేడు, ఎల్లకాలం అక్కడే ఎందుకుండాలి అని మళ్ళీ అడిగారు. అన్నిటికీ తగిన జవాబులు చెప్పానని రాశాడు. ఆ జవాబులు విన్నాక కూడా వాళ్ళు ఏడుస్తూనే ఉన్నారని రాశాడు. అంతటితో ఊరుకోలేదు. నాకింత ఇష్టమైన స్నేహితులు, మందులేని బాధకి ఇలా ఏడుస్తుంటే నాకూ మనసు కలుక్కుమంటోంది అన్న అర్థం వచ్చేలా ఇంకో మాట కూడా రాశాడు.

నేను ఆ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఈ మాట దగ్గరే ఆగిపోయాను. జవాబు చెప్పింది తనే. ఆ జవాబు విని ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుని బాధపడుతున్నదీ తనే. జవాబు దేవుడిదైతే, దాన్ని చూసి బాధపడటం దేవుడి మీద ఫిర్యాదు అవుతుంది. బాధ దేవుడిదైతే, ఆ జవాబులో ఎక్కడో తప్పుంది. ఇవాళ నేను మీ ముందు పెట్టదలుచుకున్నది ఈ చిక్కుముడి ఒక్కటే.

ఇప్పుడు మన గుండ్లకమ్మ ఏటి దగ్గరికి రండి. 1878 జులై 3, వెల్లంపల్లి. ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె ఈ జిల్లాలో బాప్తిస్టు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి నోటికొచ్చు. దాని ముందున్న నెలలు అంతగా గుర్తుండవు. ధాత కరువు, అంటే 1876-78 నాటి పెద్ద కరువు. గంజి కేంద్రాల దాకా నడవలేక దారిలోనే జనం పడిపోతున్న రోజులు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అదే సమయంలో, కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు ఆపేశాడు. నిజాయితీగల పనే. బాప్తిస్టుల లెక్కలో రక్షణ విశ్వాసం వల్లగానీ నీళ్ళ వల్ల కాదు కాబట్టి, ఆ ఆపిన నెలల మీద నేనేమీ నేరం మోపటం లేదు. నా గొడవంతా అసలు విననివాళ్ళ గురించి.

మా నాయనమ్మ తండ్రి ఆ 2,222 మందిలో ఒకడు. అప్పటికి పన్నెండేళ్ళ పిల్లాడు. వాళ్ళ నాన్న అంతకుముందు ఏడాది కాలవ పనికని బయల్దేరి, పని దొరక్కముందే, ఒక చింతచెట్టు కింద పోయాడు. సువార్త అనే మాట ఆయన చెవిన పడలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. నేను చిన్నప్పుడు సెలవుల్లో పెట్టే బైబిలు బడిలో, అదే వీబీఎస్‌లో నేర్చుకున్న లెక్క ప్రకారం కొడుకు నిత్యజీవానికి వెళ్ళాడు, తండ్రి నిత్యాగ్నికి వెళ్ళాడు. ఇద్దరికీ మధ్య తేడా ఒక్క వానాకాలం.

మా వీబీఎస్ గోడ మీద ఒక పటం ఉండేది. రెండు దారులు. విశాలమైన దారిలో సినిమా హాలు, సారా కొట్టు, పేకాట. చివర్న మంటలు. ఇరుకు దారిలో చర్చి, బైబిలు. చివర్న బంగారు పట్టణం. తొమ్మిదేళ్ళ వయసులో నేను ఆ మంటల్లో మొహాలు వెతికేవాణ్ణి, ఎవరైనా మనవాళ్ళున్నారేమోనని.

ఒక మాట గురించి చెప్పి ముందుకు పోతాను. తెలుగు బైబిల్లో నరకం అని చదివే చోట మూలంలో ఎక్కువగా ఉండే మాట గెహెన్నా. అంటే హిన్నోము లోయ. యెరూషలేముకి దక్షిణంగా నిజంగా ఉన్న లోయ, టూరిస్టులు ఇప్పటికీ చూసి వస్తారు. అక్కడ ఒకప్పుడు సొంత పిల్లల్ని నిప్పుల్లో బలిచ్చేవాళ్ళు. యిర్మీయా ఏడో అధ్యాయంలో దేవుడు దాని గురించే అంటాడు: నేను ఆజ్ఞ ఇవ్వని పని, నాకు తోచని పని వాళ్ళు చేస్తున్నారని. పిల్లల్ని నిప్పులో వేయడమనే ఆలోచనే తనకి రాలేదన్న దేవుడి పేరు మీద, ఆ లోయ పేరుతోనే, కోట్లమందికి నిప్పు సిద్ధం చేశాం. ఇది ఇంటికెళ్ళాక తీరిగ్గా ఆలోచించండి.

మిషనరీలు ఆ మాటకి తెలుగులో నరకం అని పెట్టారు. మనవాళ్ళకి నరకం కొత్తా? మనిషి పోయిన ఇంట్లో గరుడ పురాణం చదివితే కుంభీపాకం, రౌరవం అన్నీ వినిపిస్తాయి. సలసల కాగే నూనె, ముళ్ళచెట్లు, ఏ లోటూ లేదు. క్రూరత్వంలో మన పురాణాలేం తీసిపోలేదు. అయితే అక్కడ గడువుంది. పాపం ఖర్చయ్యాక బయటికి రావాలి, పుణ్యం ఖర్చయ్యాక స్వర్గం నుంచి కూడా దిగిపోవాలి. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత మహాదేవా అంటాం. అందులో 'అంత' అనే మాటలో కొలత ఉంది. మిషనరీలు మాట పాతదే ఉంచి, గడువు మాత్రం ఎత్తేశారు.

అరవై, డెబ్భై ఏళ్ళ బతుకులో చేసిన తప్పులకి అంతులేని శిక్షేంటి? ఈ ప్రశ్న మనం కనిపెట్టింది కాదు. ఐదో శతాబ్దం మొదట్లో ఉత్తరాఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీన్ ఎదుటే దీన్ని పెట్టారు. ఆయన జవాబు: ఏ దేశపు చట్టమైనా నేరం చేయడానికి ఎంతసేపు పట్టిందని చూసి శిక్ష వేస్తుందా? హత్య ఒక్క క్షణంలో అయిపోతుంది కదా. ఇది సరైన మాటే, ఒప్పుకోవాలి. అయితే శిక్ష నేరం కన్నా పొడుగ్గా ఉండొచ్చు అన్నదాన్నుంచి, శిక్షకి అంతే ఉండకూడదు అన్నదానికి ఎలా దూకుతాం? మరి ఒళ్ళు కాలుతూ కూడా బూడిద కాకుండా ఎలా ఉంటుంది అని అడిగితే అగస్టీన్ గారు నెమలిని తెచ్చారు. కార్తేజ్‌లో తనకి నెమలి కూర వడ్డించారట. ఒక ముక్క దాచి పెట్టించి నెల దాటాక చూస్తే కుళ్ళలేదు, ఏడాది తర్వాత చూస్తే కాస్త ఎండిపోయిందంతే. చూశారా, ప్రకృతిలో ఇలాంటి వింతలున్నాయి అన్నాడు. (నవ్వులు) నవ్వకండి, అంత తెలివిగల మనిషి నెమలి ముక్క దాచిపెట్టుకునేంత దూరం వెళ్ళాల్సి వచ్చిందంటే, ప్రశ్న ఎంత గట్టిగా తగిలిందో అర్థమవుతుంది.

అసలు బలమైన సమర్థన తర్వాత ఏడు వందల ఏళ్ళకి వచ్చింది. 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్ అనే ఆర్చిబిషప్పు దాన్ని గట్టిగా కట్టాడు. తప్పు ఎంత పెద్దదో కొలవాలంటే ఎవరి పట్ల చేశామో చూడాలి. దేవుడు అనంతుడు. కాబట్టి ఆయనకి విరోధంగా చేసిన ఏ చిన్న పనైనా అనంతమైన అపరాధమే. అటువైపు చూడొద్దని దేవుడంటే, సృష్టి మొత్తం నాశనమైపోతుందన్నా సరే, ఒక్క చూపు కూడా చూడకూడదు అంటాడాయన. తర్వాత పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వైనాస్ దాన్నే ఇంకా సన్నగా చెక్కాడు. ఇవాళ్టికీ మన పుల్పిట్ల మీద నుంచి వినపడేది ఈ వాదమే. పక్కింటివాణ్ణి కొడితే పోలీస్ స్టేషన్‌లో రాజీ అవుతుంది, కలెక్టర్ని కొడితే ఏమవుతుంది? మరి దేవాధిదేవుణ్ణి? అని.

ఈ పోలిక విన్నప్పుడల్లా నాకు మా పల్లె గుర్తొస్తుంది. మా పెద్దలకి ఈ న్యాయం కొత్త కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో రేటు కార్డులా రాసి ఉంది: బ్రాహ్మణుడు క్షత్రియుణ్ణి తిడితే 50 పణాలు, వైశ్యుణ్ణి తిడితే 25, శూద్రుణ్ణి తిడితే 12. అదే శూద్రుడు బ్రాహ్మణుణ్ణి తిడితే పణాలతో పోదు, ఒళ్ళు అప్పజెప్పాలి. మా వాళ్ళ ఊసు ఆ జాబితాలోనే లేదు. పల్లెలో ఒకడు ఇంకొకణ్ణి కొడితే దొరకి పట్టేది కాదు. దొర ముందు చెప్పులు వేసుకుని నడిస్తే మాత్రం చెట్టుకి కట్టేసేవారు. తప్పు ఒకటే, తగిలినవాడి హోదాని బట్టి శిక్ష. గుండ్లకమ్మలో మునిగి లేచిన జనం దేన్నుంచి బయటపడాలని వచ్చారు? దీన్నుంచే. మీ దేవుడి ముందు అందరూ ఒకటే అంటేనే వచ్చారు. తీరా లోపలికి వచ్చాక, విశ్వం మొత్తానికి ఒక పెద్ద దొర ఉన్నాడు, ఆయన గౌరవానికి భంగం కలిగితే శిక్షకి అంతుండదు అని చెబితే, మేం ఎక్కడికి వచ్చినట్టు?

దేవుణ్ణి దొరతో పోల్చకూడదు, ఆయన అనంతమైన మంచితనం, అని పండితులు అంటారు. నేనూ అదే అంటున్నాను. హోదా వాదం దొరలకి పనికొచ్చేది, మంచితనానికి అది అతకదు. మా నాయనమ్మ కంటే మంచి మనిషిని నేను చూడలేదు, ఆవిణ్ణి ఎంత విసిగించినా లెక్క రాసుకునేది కాదు. మంచితనం పెరిగేకొద్దీ అవమానం లెక్క తగ్గాలి గానీ పెరగకూడదు కదా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నరకమే వద్దు అనడం కడుపు నిండినవాళ్ళకి సులువు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు శిక్ష పడ్డవాళ్ళందరినీ నిర్దోషులని వదిలేసింది. మరి చంపిందెవరు? ఆ ఇళ్ళల్లోని ఆడవాళ్ళకి పైన ఒక తీర్పు ఉందన్న నమ్మకం కూడా లేకుండా చేసే హక్కు నాకెక్కడిది? తీర్పు ఉండాలి. చేసినదాన్ని చేసినవాడి కళ్ళ ముందు పెట్టాలి, అది మండాలి కూడా. దాని మీద నాకు పేచీ లేదు.

మరి మనకి నేర్పిన నరకం ఆ ఆడవాళ్ళకి న్యాయం చేస్తుందా? ఆ సిద్ధాంతం ప్రకారం చంపినవాడు మంచం మీద ఆఖరి ఊపిరిలో మారుమనస్సు పొందితే పరదైసు. చనిపోయినవాడు విశ్వాసి కాకపోతే, కత్తివేటు నుంచి నేరుగా మంటల్లోకి. బాధితుడి పేరు చెప్పి కట్టిన కోర్టులో బాధితుడే ముద్దాయి. నిత్యశిక్ష అనే మాట ఉన్న మత్తయి 25ని తీసి చూడండి. ఎడమవైపు నిలబడ్డవాళ్ళని నువ్వే సంఘం, ఏం నమ్మావు అని అడగలేదు. నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టలేదు అన్నాడంతే. ఆ లెక్కన 1877లో చింతచెట్టు కింద పోయినాయన ఎడమవైపు ఉంటాడా? ఆకలిగొన్నవాడి వైపు ఉంటాడా?

గ్రీకు మాటల మీద ఆధారపడి తప్పించుకోను. నిత్యశిక్షలోని ఆ 'నిత్య' యుగాలకి సంబంధించినదనే అర్థం కూడా ఇస్తుందని కొందరు, నిత్యజీవంలోనూ అదే మాట కదా అని అగస్టీన్ వైపువాళ్ళు, పదహారు వందల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. నాల్గో శతాబ్దపు నిస్సా బిషప్పు గ్రెగరీ ఆ అగ్ని బంగారాన్ని పుటం పెట్టే అగ్ని, చివరికి అందరూ బయటికి వస్తారని రాశాడు. ఓరిజెన్‌ని, అంతకుముందే ఇలాంటి మాట చెప్పిన వేదాంతిని, 553 నాటి చర్చి మహాసభ శాపాల జాబితాలోకి ఎక్కించారు గానీ గ్రెగరీని ఎవరూ ముట్టుకోలేదు, ఇప్పటికీ పునీతుడే. పోయిన శతాబ్దంలో క్రైస్తవ రచయిత సి. ఎస్. లూయిస్ నరకం తలుపులకి గడియ లోపలి నుంచే ఉంటుందన్నాడు, ఉండేవాళ్ళు తమ ఇష్టంతోనే ఉంటారని. 1988లో జాన్ స్టాట్ లాంటి సువార్తిక పెద్ద, దుష్టులు చివరికి లేకుండా పోతారేమో గానీ ఎల్లకాలం బాధపడరేమో అని బయటికి చెప్పాడు. ఇలా ఒక్కొక్కరూ ఏదో ఒక మూల సర్దుతున్నారంటేనే ఆ మూల గుచ్చుకుంటోందని.

లూయిస్ మాట అందంగా ఉంటుంది, యూత్ మీటింగుల్లో బాగా పేలుతుంది కూడా. అయితే యమగుచి వాళ్ళకి అది జవాబు కాదు. వాళ్ళ తాతలు గడియ వేసుకోలేదు. వాళ్ళకి తలుపే చూపించలేదు.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన విషయానికి వస్తాను. అది నరకం కాదు, దాన్ని చూసే పరలోకం. సుమారు క్రీ.శ. 200లో అదే కార్తేజ్‌లో టెర్టూలియన్ అనే రచయిత, మీరు పోయే నాటకాలు, రథాల పందేలు మాకొద్దు, మాకు అంతకన్నా పెద్ద తమాషా రాబోతోంది అన్నాడు. రాజులు, తత్వవేత్తలు, నటులు మంటల్లో ఉండగా చూసి నవ్వుకుంటాడట. అక్వైనాస్ పోయాక ఆయన రాతల నుంచి శిష్యులు కూర్చిన భాగంలో ఇది మర్యాదగా ఉంటుంది: పరలోకంలో ఉన్నవాళ్ళు శిక్షపడ్డవాళ్ళని చూస్తారు, వాళ్ళ బాధని చూసి కాదుగానీ, అందులో దేవుని న్యాయాన్నీ, తాము తప్పించుకున్న సంగతినీ చూసి ఆనందిస్తారు. అంటే మా నాయనమ్మ తండ్రి, ఆ పన్నెండేళ్ళ పిల్లాడు, వాళ్ళ నాన్నని చూస్తాడు. చూసి ఏడవడు. ఏడుపు రానంతగా ఆయన్ని మార్చి ఉంటారు. ఆ మారిన మనిషిని ఎవరంటాం? కిందున్నది వాళ్ళ నాన్నే. పైనున్నది మాత్రం ఆ పిల్లాడు కాదు.

బైబిల్లో గొప్పవాళ్ళు ఇలా మారడానికి ఒప్పుకున్నట్టు నాకు కనపడదు. బంగారు దూడ చేసిన జనం కోసం మోషే, వాళ్ళని క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు కూడా తుడిచెయ్యి అన్నాడు. పౌలు, నా సహోదరుల కొరకు నేను క్రీస్తు నుంచి వేరై శాపగ్రస్తుణ్ణి కావడానికైనా సిద్ధం అన్నాడు. రోమా తొమ్మిది. మన తిక్కన భారతంలో ధర్మరాజు కూడా ఇంతే. స్వర్గానికి వెళితే దుర్యోధనుడు సింహాసనం మీద కనిపించాడు, తమ్ముళ్ళు లేరు. దూత వెంట ఆ కంపుదారిలో వెళితే చీకట్లోంచి గొంతులు, కర్ణుణ్ణి, భీముణ్ణి, నీ గాలి తగిలితే హాయిగా ఉంది, కాసేపు ఉండు అని. నువ్వు పో, నేనిక్కడే ఉంటానని దూతని పంపేశాడు. అదంతా మాయ అని తర్వాత తేలింది, అది వేరే. నన్ను ఇంకా కదిలించేది లూకా 16లోని ధనవంతుడు. మంటల్లో ఉండి, తనకి నీటిచుక్క లేదని తేలాక, ఇంటిదగ్గరున్న ఐదుగురు తమ్ముళ్ళకైనా కబురు పంపమని బతిమాలతాడు. ఆ కథలో ఇతరుల గురించి దిగులు పడేది నరకంలో ఉన్నవాడే. అబ్రాహాము కూడా ఆయన్ని కుమారుడా అని పిలుస్తాడు. అలా పిలిచాక ఇంక ఎలా నిద్రపట్టిందో! (నవ్వులు)

ఈ ప్రశ్న చదువుకున్నవాళ్ళనీ వదల్లేదు. చార్లెస్ డార్విన్ తన ఆత్మకథలో, ఈ సిద్ధాంతం నిజమైతే మా నాన్న, మా అన్న, నా దగ్గరి స్నేహితులు దాదాపు అందరూ నిత్యశిక్షలో ఉండాలి, ఇది నిజం కావాలని ఎవరైనా ఎలా కోరుకుంటారో నాకర్థం కాదు అన్నట్టు రాశాడు. ఆయన భార్య ఎమ్మా భక్తురాలు. ఆ మాటలు అచ్చులో వద్దంది. 1958లో మనవరాలు నోరా బార్లో పూర్తి ప్రతి వేసేదాకా అవి బయటికి రాలేదు. ఎమ్మా మార్జిన్‌లో రాసుకున్నది విచిత్రం: నిత్యశిక్షని ఎంత గట్టిగా తిట్టినా తప్పులేదు, కానీ ఇప్పుడు దాన్ని క్రైస్తవం అనేవాళ్ళు ఎందరున్నారు అని. పాపం, ఆవిడ మా ఊరి కన్వెన్షన్లకి రాలేదు.

మళ్ళీ యమగుచి. చచ్చినవాళ్ళ కోసం ఏమైనా చేయొచ్చా అని వాళ్ళు అడిగారు కదా. మా ఇంట్లో కూడా ఒకావిడ అదే అడిగింది.

మా నాయనమ్మకి చదువు రాదు. రాత్రి అన్నాలకి ముందు కుటుంబ ప్రార్థన ఆవిడే చేసేది. చివర్లో పోయినవాళ్ళ పేర్లు వరసగా చెప్పేది. వాళ్ళ నాన్న, అమ్మ, మా తాత, పురిట్లో పోయిన ఇద్దరు పిల్లలు, అన్నిటికన్నా చివర చింతచెట్టు కింద పోయిన వాళ్ళ తాత. ఒకరోజు ఇంటికొచ్చిన పాస్టరు అయ్యగారు అది విన్నాడు. మనం చచ్చినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదమ్మా, అది ఆర్‌సీఎం పద్ధతి, పైగా ఆయన అన్యుడిగా పోయాడు కదా అన్నాడు. మెత్తగానే చెప్పాడు, చెడ్డ మనిషేం కాదు. ఆయనకి రాదా అయ్యగారూ విడుదల, అని మాత్రం అడిగింది ఆవిడ. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆ రోజు నుంచి ఆవిడ పేర్లు పైకి చెప్పడం మానేసింది. ప్రార్థన అంతా అయ్యాక, ఆమెన్‌కి ముందు, కాసేపు ఆగేది. కిరసనాయిలు దీపం వెలుతురులో, అన్నం కోసం చూస్తున్న మేం పిల్లలం ఒక కన్ను తెరిచేవాళ్ళం. ఆవిడ పెదవులు కదులుతుండేవి. అవి ఆగేదాకా ఎవరం ఆమెన్ అనేవాళ్ళం కాదు.